అన్నీ మరిచినా... ఆట మరవలేదు!

పొద్దున తిన్న టిఫినేంటో గుర్తుండదు. ఎదురుగా కూర్చున్నది కొడుకో, కొడుకు స్నేహితుడో పోల్చుకోలేరు. కానీ ఓ పాత ఫుట్‌బాల్ జట్టు ఫొటో చేతిలో పెడితే చాలు. చివరన నిల్చున్నదెవరో, ఏ వైపు ఆడేవాడో, ఆ రోజు వాన ఎంత కొట్టిందో, రెండో గోల్ ఎలా పడిందో పూసగుచ్చినట్టు చెప్పేస్తారు!

ఇది మంత్రం కాదు. స్కాట్లాండ్‌లో డిమెన్షియాతో, అంటే మతిమరుపు జబ్బుతో బాధపడే పెద్దవాళ్ల కోసం నడుస్తున్న 'ఫుట్‌బాల్ మెమొరీస్' బృందాల్లో కనిపించే దృశ్యం. గ్లాస్గోలోని స్కాటిష్ ఫుట్‌బాల్ మ్యూజియం, అల్జీమర్ స్కాట్లాండ్ సంస్థ చేతులు కలిపి 2009లో దీనికి శ్రీకారం చుట్టాయి. ఖర్చు పెద్దగా లేదు. పాత ఆటగాళ్లు, పాత మైదానాల ఫొటోలు ముద్రించిన కార్డులు, నాలుగు కుర్చీలు, కప్పు టీ, ఓపిగ్గా వినే వాలంటీర్లు... అంతే!

ఇంతకీ ఆ కార్డుల్లో ఏముంది? అన్నీ మరిచిన మనసు కూడా వదులుకోలేనంత గట్టి జ్ఞాపకాలు అక్కడివాళ్లకు ఎక్కణ్నుంచి వచ్చాయి?

ఇసుకేస్తే రాలని జనం

స్కాట్లాండ్ చిన్న దేశం. జనాభా అరకోటి పైచిలుకు. కానీ ప్రపంచంలో తొలి అంతర్జాతీయ ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది అక్కడే. 1872 నవంబరు 30న గ్లాస్గోలోని ఓ క్రికెట్ మైదానంలో స్కాట్లాండ్, ఇంగ్లండ్ తలపడ్డాయి. ఒక్క గోలూ పడలేదు. చూడటానికి వచ్చింది నాలుగు వేల మంది.

అరవై అయిదేళ్లు తిరిగేసరికి ఆ నాలుగు వేలు ఎంతయ్యాయో తెలుసా? 1937 ఏప్రిల్ 17న అవే రెండు జట్ల ఆటకి గ్లాస్గోలోని హాంప్‌డెన్ పార్క్‌లో లెక్క తేలిన ప్రేక్షకులు 1,49,415 మంది! సరిగ్గా వారం తర్వాత సెల్టిక్, అబెర్‌డీన్ మధ్య స్కాటిష్ కప్ ఫైనల్‌కి మళ్లీ దాదాపు లక్షన్నర మంది. అందులో కుర్చీల్లో కూర్చున్నది కొద్దిమందే. మిగతావాళ్లంతా మైదానం చుట్టూ మెట్లుమెట్లుగా కట్టిన గట్ల మీద నిలబడే చూశారు. ఆ జనం ఒక్కసారిగా అరిస్తే పుట్టే హోరుకి 'హాంప్‌డెన్ రోర్' అని పేరే స్థిరపడిపోయింది.

శనివారం మధ్యాహ్నం దాకా ఓడలు కట్టే యార్డుల్లో, బొగ్గు గనుల్లో పని. హూటర్ మోగగానే ఒళ్లు కడుక్కుని, తలమీద టోపీ పెట్టుకుని నేరుగా మైదానానికే. తండ్రి నిల్చునే మెట్టు మీదే కొడుకూ నిల్చునేవాడు. ఎవరి చోటు వాళ్లదే. ఆ చోటుకి టికెట్ మీద నెంబరుండదు. కానీ పక్కన ఎవరుంటారో అందరికీ తెలుసు.

జేబులో డబ్బుల్లేని పిల్లల సంగతేంటి? దానికీ ఓ ఉపాయం. గేటు దగ్గర ఒక్కొక్కరే తోసుకుంటూ వెళ్లే ఇనుప కమ్మీలుండేవి. అక్కడ నిలబడి వచ్చేపోయే పెద్దాయన్నల్లా 'కాస్త ఎత్తి దాటించరూ' అని బతిమాలేవాళ్లు. ఆయన ఎవరో ముక్కూమొహం తెలియదు. పిల్లాణ్ని చంకలకింద పట్టుకుని కమ్మీల మీంచి అటు దించేవాడు. గేటు కాసే మనిషి చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. అదీ కుదరకపోతే ఆట చివర్లో జనం బయటికి వెళ్లేందుకు గేట్లు తెరిచేదాకా ఆగి, ఆఖరి పది పదిహేను నిమిషాలు చూసేవాళ్లు. ఈ 'ఎత్తి దాటించడం' గురించి చెప్పని స్కాటిష్ తాతయ్య అరుదు.

వణికించే శనివారాలు

అక్కడ ఫుట్‌బాల్ అంటే చలికాలపు ఆట. డిసెంబరులో నాలుగు గంటలు కొట్టకుండానే పొద్దు కుంకుతుంది. ఫ్లడ్‌లైట్లు లేని రోజుల్లో చీకటి పడేలోగా ముగించాలని ఆటను ముందే మొదలుపెట్టేవాళ్లు. నెత్తిన కప్పులేదు. ఓవైపు చినుకులు, మరోవైపు ఎముకలు కొరికే గాలి. కాళ్లు తిమ్మిరెక్కకుండా రెండు గంటలు నిల్చున్నచోటే గంతులేయాల్సిందే.

ఆ చలికి విరుగుడు విరామంలో దొరికేది... బోవ్రిల్. గొడ్డుమాంసం సారాన్ని మరిగే నీళ్లలో కలిపిన పానీయం. దాంతోపాటు కీమా కూరిన గుండ్రటి పై. వేడికి నాలుక కాలేది, కొవ్వు మోచేతి దాకా కారేది. అయినా రుచి కన్నా ముందు ఆ కప్పు చేతులకిచ్చిన వెచ్చదనమే గుర్తుంటుంది చాలామందికి.

ఆర్‌బ్రోత్ ఊళ్లోని గేఫీల్డ్ మైదానమైతే సరిగ్గా ఉత్తర సముద్రం ఒడ్డునే. గాలి ముదిరితే అలలు గోడ దాటి పడతాయి. కొట్టిన బంతి గాలికి వెనక్కి తిరిగొచ్చిన సందర్భాలూ ఉన్నాయి! 1885లో ఆర్‌బ్రోత్ జట్టు బాన్ అకార్డ్ అనే జట్టుని 36-0తో చిత్తుచేసింది ఈ ఊళ్లోనే. బంతి తమ వైపు రాక, గెలిచిన జట్టు గోల్‌కీపర్ ప్రేక్షకుడి గొడుగు కింద తలదాచుకున్నాడని చెప్పుకుంటారు.

నేల గడ్డకడితే అసలు ఆటే ఉండదు. 1963 శీతాకాలంలో ఎయిర్‌డ్రీ, స్ట్రాన్‌రార్ జట్ల కప్ మ్యాచ్ ఏకంగా 33 సార్లు వాయిదా పడింది. 1979లో ఇన్వర్నెస్ థిసిల్, ఫాల్కిర్క్ జట్ల మ్యాచ్ 29 సార్లు! అభిమానులు మాత్రం ప్రతిసారీ మఫ్లర్ చుట్టుకుని సిద్ధం.

జింకీ... విమానమంటే భయం!

కార్డుల్లో ఎక్కువమంది గుర్తుపట్టే ముఖాల్లో ఒకటి జిమ్మీ జాన్‌స్టన్‌ది. సెల్టిక్ వింగర్. అయిదడుగుల నాలుగంగుళాల పొట్టివాడు. బంతితో మెలికలు తిరుగుతుంటే ఎదుటివాళ్లు ఎటు కదలాలో తెలియక నిలబడిపోయేవాళ్లు. అందుకే ముద్దుగా 'జింకీ' అన్నారు.

అంతటివాడికి విమానమంటే చచ్చేంత భయం. 1968 నవంబరులో సెల్టిక్‌కి రెడ్‌స్టార్ బెల్‌గ్రేడ్‌తో యూరోపియన్ కప్ పోటీ. మొదటి ఆట గ్లాస్గోలో, రెండోది బెల్‌గ్రేడ్‌లో. ఇక్కడ నాలుగు గోల్స్ తేడాతో గెలిస్తే నువ్వు అక్కడికి రానక్కర్లేదని మేనేజర్ జాక్ స్టెయిన్ మాటిచ్చాడు. విరామానికి స్కోరు 1-1. ఆ తర్వాత జాన్‌స్టన్‌కి పూనకమొచ్చింది. తాను రెండు గోల్స్ కొట్టాడు, తోటివాళ్లతో కొట్టించాడు. 5-1! విమానం తప్పిపోయింది.

అంతకు ముందేడాది, 1967 మే 25న లిస్బన్‌లో ఇంటర్ మిలాన్‌ని 2-1తో ఓడించి యూరోపియన్ కప్ గెలిచిన తొలి బ్రిటిష్ జట్టూ సెల్టికే. ఆ పదకొండు మందీ తమ మైదానానికి యాభై కిలోమీటర్ల లోపు పుట్టినవాళ్లే. మెట్ల మీద నిల్చున్నవాళ్లకి వాళ్లు తారలు కారు... పక్కవీధి కుర్రాళ్లు!

ఈ క్లబ్ చరిత్రలో మనవాడొకడున్నాడు. కోల్‌కతాకి చెందిన మహమ్మద్ సలీం 1936లో సెల్టిక్ తరఫున రెండు ట్రయల్ మ్యాచ్‌లు ఆడాడు. బూట్లు వేసుకోలేదు. పాదాలకి కట్లు కట్టుకుని ఆడి గ్లాస్గో జనాన్ని నోరెళ్లబెట్టేలా చేశాడు. ఎంత అడిగినా ఉండలేదు. ఇల్లు గుర్తొచ్చి తిరిగొచ్చేశాడు.

పదమూడో మెట్లదారి

అన్నీ తీపి గుర్తులే కావు. 1902 ఏప్రిల్ 5న గ్లాస్గోలోని ఐబ్రాక్స్ మైదానంలో చెక్కతో కట్టిన గట్టు కూలి 25 మంది చనిపోయారు. ఆ తర్వాత చెక్క స్థానంలో మట్టిగట్లు, కాంక్రీటు మెట్లు వచ్చాయి.

1971 జనవరి 2. అదే ఐబ్రాక్స్. రేంజర్స్, సెల్టిక్ ఆట. ఎనభై వేల మంది పైనే జనం. చివరి నిమిషాల్లో ఇరువైపులా చెరో గోల్. ఆట ముగిసి జనం దిగుతుంటే పదమూడో నెంబరు మెట్లదారిలో తొక్కిసలాట. 66 మంది ప్రాణాలు పోయాయి. మార్కించ్ అనే ఒకే ఊరి నుంచి కలిసి వెళ్లిన అయిదుగురు పిల్లలు తిరిగి రాలేదు. ఆ రోజు గురించి అడిగితే ఇప్పటికీ మాట పెగలనివాళ్లు ఉన్నారు.

ఆ విషాదం తర్వాతే 1975లో క్రీడా మైదానాల భద్రతా చట్టం వచ్చింది. 1989లో ఇంగ్లండ్‌లో హిల్స్‌బరో దుర్ఘటన, దానిపై 1990లో టేలర్ నివేదిక... నిలబడి చూసే మెట్ల కాలం దాదాపుగా ముగిసింది. కుర్చీలొచ్చాయి. లక్షన్నర మంది పట్టిన హాంప్‌డెన్‌లో ఇప్పుడు కూర్చోగలిగేది దాదాపు 52 వేల మంది. మైదానం చిన్నదైంది. ఆటకి వెళ్లిన పిల్లాడు క్షేమంగా ఇంటికొస్తున్నాడు. పాత రోజుల్ని తలచుకుని నిట్టూర్చేవాళ్లు కూడా ఈ మార్పు వద్దనరు.

కొత్త నిబంధనలకి తగ్గట్టు మార్చే స్తోమత లేక, ఊరి మధ్య స్థలాలకి మంచి ధర పలికి చాలా క్లబ్బులు పాత మైదానాల్ని అమ్ముకున్నాయి. పెర్త్‌లో మ్యూర్టన్ పార్క్, ఎయిర్‌డ్రీలో బ్రూమ్‌ఫీల్డ్, ఫాల్కిర్క్‌లో బ్రాక్‌విల్... మూడుచోట్లా సూపర్‌మార్కెట్లు వెలిశాయి. ఒకప్పుడు గోల్ పడిన చోట ఇవాళ పాల ప్యాకెట్లు అమ్ముతున్నారు.

ఒక్కటి మాత్రం మిగిలింది. గ్లాస్గోలోని కాత్‌కిన్ పార్క్. 1904లో లీగ్, 1905లో కప్ గెలిచిన థర్డ్ లానార్క్ జట్టు ఇల్లది. 1961లో లీగ్‌లో వంద గోల్స్ కొట్టి మూడోస్థానంలో నిలిచిన ఆ జట్టు ఆరేళ్లకే, 1967లో మూతపడింది. అప్పులు, కుమ్ములాటలు దాన్ని మింగేశాయి. మైదానం ఇప్పుడు మున్సిపల్ పార్కు. మూడువైపులా కాంక్రీటు మెట్లు అలాగే ఉన్నాయి. మెట్ల మధ్యనుంచి చెట్లు మొలిచి మానులయ్యాయి. పెద్దవాళ్లు మనవళ్లని వెంటబెట్టుకుని వచ్చి తాము నిల్చున్న మెట్టుని చూపిస్తుంటారు.

జ్ఞాపకాన్నే అడిగిన ఆట

అల్జీమర్స్‌లో సాధారణంగా ముందు దెబ్బతినేది మెదడులో కొత్త జ్ఞాపకాలు పోగేసే భాగం. అందుకే నిన్నటిది నిలవదు, యాభై ఏళ్ల కిందటిది చెక్కుచెదరదు. పదేళ్ల నుంచి ముప్పయ్యేళ్ల లోపు పోగైన అనుభవాలు మిగతావాటికన్నా బలంగా నాటుకుంటాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు చెబుతారు. నాన్న చెయ్యి, చలి, బోవ్రిల్ వాసన, లక్షమంది హోరు... అన్నీ ఒకేసారి ముద్రపడిన జ్ఞాపకం మరి!

అయితే ఇదే ఆట కొందరి నుంచి జ్ఞాపకాల్నే లాగేసుకుందా అన్నది స్కాట్లాండ్‌ని ఇప్పుడు కలవరపెడుతున్న ప్రశ్న. గ్లాస్గో విశ్వవిద్యాలయం పరిశోధకులు 7,676 మంది మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్ల వివరాల్ని సాధారణ జనంతో పోల్చి చూశారు. 2019లో ఫలితాలు వెలువడ్డాయి. మెదడు, నరాలు క్షీణించే జబ్బులతో ఆటగాళ్లు చనిపోయే అవకాశం మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. గుండెజబ్బు మరణాలు మాత్రం వాళ్లలో తక్కువే. బంతిని తలతో కొట్టడమే కారణమని ఆ అధ్యయనం నిరూపించలేదు. కానీ అనుమానం అటే వెళ్తోంది.

లిస్బన్ విజేతల కెప్టెన్ బిల్లీ మెక్‌నీల్ కథే చూడండి. 1965 కప్ ఫైనల్లో సెల్టిక్‌ని గెలిపించిన గోల్‌ని ఆయన తలతోనే కొట్టాడు. క్లబ్ దశ తిరిగింది అక్కణ్నుంచే అంటారు. ఆయనకి డిమెన్షియా ఉందని 2017లో కుటుంబం బయటపెట్టింది. 2019 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. మోటార్ న్యూరాన్ జబ్బుతో పోరాడి జాన్‌స్టన్ 2006లోనే వెళ్లిపోయాడు. ఫలానావాళ్ల జబ్బుకి ఆటే కారణమని ఎవరూ తేల్చి చెప్పలేరు. అయినా స్కాటిష్ ఫుట్‌బాల్ సంఘం చేతులు కట్టుకు కూర్చోలేదు. 2020లో పన్నెండేళ్లలోపు పిల్లలకి శిక్షణలో తలతో కొట్టించడం మాన్పించింది. 2022లో ప్రొఫెషనల్ జట్లకీ మ్యాచ్ ముందురోజు, మర్నాడు అలాంటి శిక్షణ వద్దంది.

'గుర్తుందా' అనొద్దు!

పాత కబుర్లతో జబ్బు నయం కాదు. కానీ ఆ గంటసేపు మనిషి తిరిగొస్తాడు. ముడుచుకు కూర్చున్నవాడు నడుం నిటారుగా చేస్తాడు, పక్కవాడితో వాదనకి దిగుతాడు, నవ్వుతాడు. ఇంట్లోవాళ్లకి ఆ నవ్వు చాలు.

ఇలాంటి కబుర్లలో పాటించాల్సిన జాగ్రత్త ఒకటుంది. 'ఇదెవరో గుర్తుందా' అని అడగకూడదు. అది పరీక్ష. చెప్పలేకపోతే సిగ్గుపడి ముడుచుకుపోతారు. ఫొటో ముందు పెట్టి, 'ఆ రోజుల్లో చలి ఎక్కువగా ఉండేదటగా' అని ఊరుకుంటే చాలు. మిగతాది వాళ్లే అందుకుంటారు. ఆట ఫుట్‌బాలే కానక్కర్లేదు. పాత సినిమా కావచ్చు, పనిచేసిన ఆఫీసు కావచ్చు, చదువుకున్న బడి కావచ్చు. పెట్టెలో అడుగున పడున్న ఫొటోలు బయటికి తీయడానికి ఆదివారం కన్నా మంచి రోజేముంది?