దోషం చెబితే చాలదు

మా శ్రీకాళహస్తికి రాహుకేతు పూజ కోసం రోజూ ఎక్కడెక్కడి నుంచో జనం వస్తుంటారు. జాతకంలో దోషం ఉందని చెప్పి ఊరుకుంటే ఇంతమంది రారు. పరిహారం కూడా ఉందన్న నమ్మకంతోనే వస్తారు. ఇప్పుడు డాక్టర్లకు కంప్యూటర్ చెబుతున్న జోస్యం గురించి చదివినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది.

మా పక్కింటి అమ్మాయి హౌస్‌సర్జన్. మొన్న పండక్కి ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అర్ధరాత్రి ఉలిక్కిపడి లేస్తోందట. ఫోను మోగితే వణుకుతోందట. "దిష్టి తగిలిండాదేమో అక్కా" అంటూ వాళ్లమ్మ కళ్లొత్తుకుంది. నెమ్మదిగా అడిగితే ఆ పిల్ల చెప్పింది. డ్యూటీలో ఓ బాలింత కళ్లముందే ప్రాణం వదిలింది. బంధువులు మీదికొచ్చారు. అంతలోనే ఇంకో కేసు. "ఏడ్చేదానికి కూడా టైము లేకపోయె పెద్దమ్మా" అంది.

ఇలాంటి దెబ్బ మనసుని నెల దాటినా వదలకుండా పీడిస్తుంటే అది పి.టి.ఎస్.డి. అనే జబ్బు కావచ్చు. ఇది సైనికులకే వస్తుందని చాలామంది అనుకుంటారు. అమెరికాలో 1,134 మంది కొత్త డాక్టర్లను పరిశీలించి 2021లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లలో సగం మందికి పైగా పనిలో ఇలాంటి దెబ్బలు తిన్నవాళ్లే. అలా తిన్నవాళ్లలో ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరికి ఈ జబ్బు లక్షణాలు కనిపించాయి.

అక్కడి మిషిగన్ విశ్వవిద్యాలయం 2007 నుంచీ కొత్త డాక్టర్ల మనసు బాగోగులు గమనిస్తోంది. ఎంతసేపు నిద్రపోయారు, ఎన్ని గంటలు పనిచేశారు, ఇదివరకు కుంగుబాటు ఉందా... ఇలాంటి వివరాలతో పాటు, తర్వాత ఎవరు కుంగిపోయారో కూడా కంప్యూటరుకి ఇస్తే, దేనికి దేనితో సంబంధం ఉందో అది తనంతట తానే పట్టుకుంటుంది. ఆపైన కొత్తవాళ్ల వివరాలు ఇస్తే ముప్పు ఎంతో అంచనా కడుతుంది. ఇదే మెషిన్ లెర్నింగ్. అంచనాయే సుమండీ, తలరాత కాదు! పైగా అమెరికా లెక్కలతో నేర్చుకున్న యంత్రానికి, ఒకే మంచం మీద ఇద్దరేసి రోగులుండే మన వార్డుల సంగతి ఏం తెలుస్తుంది?

నాకు ఇంకో భయం కూడా ఉంది. "ఈ పిల్ల తట్టుకోలేదు" అని యంత్రం చెప్పిన మాట ఆస్పత్రి పెద్దల చేతిలో పడితే? ఉద్యోగం ఇచ్చేటప్పుడు అడ్డొస్తే? జాతకం కుదర్లేదని సంబంధం తప్పించినట్టే, ముందుగా బలయ్యేది ఆడపిల్లలే. ఆ ఫలితం ఎవరిదో వాళ్ల చేతికే అందాలి. వాళ్లు ఒప్పుకుంటేనే ఇంకొకరికి తెలియాలి.

అయినా కొన్ని సంగతులు తెలుసుకోవడానికి యంత్రం కావాలా? 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ అందక 11 మంది కరోనా రోగులు పోయారని అధికారులే ప్రకటించారు. ఆ కుటుంబాల దుఃఖం తీర్చలేనిది. ఆ రాత్రి మంచాల మధ్య పరుగులు తీసిన డాక్టర్లకీ, నర్సులకీ తర్వాత నిద్ర పట్టిందా అని మాత్రం మనలో ఎందరం అడిగాం?

డాక్టర్ల మీద దాడి చేస్తే జైలుశిక్ష వేసే చట్టం మన రాష్ట్రంలో 2008 నుంచే ఉంది. అయినా 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్.జి.కర్ ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ఒంటరిగా కాసేపు కునుకు తీయబోయి ప్రాణమే పోగొట్టుకుంది. గడియ పెట్టుకునే గది, హద్దున్న పనిగంటలు, రోగి చనిపోయిన రోజున పెద్ద డాక్టరు పక్కన కూర్చుని చెప్పే నాలుగు మాటలు... పరిహారమంటే ఇవే. ఇవి లేకుండా యంత్రం ఎన్ని జాతకాలు చెప్పినా దండగే.

మన వంతు కూడా ఉంది. ఆస్పత్రిలో మనవాళ్లు పోయినప్పుడు ఎదుట నిలబడ్డది కూడా ఓ ఇంటి బిడ్డేనని గుర్తుంచుకోవాలి. ఇంట్లో డాక్టరో నర్సో ఉంటే, "నువ్వే డాక్టరువి, నీకేంటి?" అని నోరు మూయించకూడదు. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు తెలుగులోనే, డబ్బేమీ తీసుకోకుండా మాట్లాడతారు. డాక్టర్లయినా చేయొచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు.

మా పక్కింటి అమ్మాయి మళ్లీ డ్యూటీకి వెళ్లింది. ఇప్పుడు ఓ మానసిక వైద్యురాలిని కూడా కలుస్తోంది. వాళ్లమ్మ ఇదివరకు ఫోనులో "తిన్నావా?" అని మాత్రమే అడిగేది. ఇప్పుడు "రాత్రి నిద్ర పట్టిందామ్మా?" అని కూడా అడుగుతోంది. మీ ఇంట్లో ఎవరైనా ఉంటే, ఇవాళే ఆ మాట అడగండి.