జాతి యను మాట

మన తెలుగులో 'జాతి' యను మాటకు రెండర్థములు గలవు. జాతీయగీతము, జాతీయపతాక, జాతిపిత యన్నప్పుడు అది దేశప్రజలందఱిని గూర్చినది. సంబంధములు చూచువేళ "ఆ పిల్లవాని జాతి యేది?" యని యడిగినప్పుడు అది కులమును గూర్చినది. సభలో మొదటి యర్థమున నీ మాటను వాడి చప్పట్లు కొట్టించుకొనిన పెద్దమనుష్యుడే యింటికి వచ్చి పెండ్లిమాటలలో రెండవ యర్థమున వాడును. ఈ రెండర్థములు ఒకచోట కాపురము చేయజాలవని మా వాదము. భారతజాతి యనగా నేమి యని నూఱేండ్లుగా తర్కించుచున్నవారిలో పెక్కుమంది యీ చిక్కును తప్పించుకొని పోయినారు.

ఒక పక్షమువారి సిద్ధాంతము 1923 లో సావర్కరు ప్రకటించిన గ్రంథమున గలదు. సింధువు మొదలు సముద్రము వఱకు గల యీ నేల యెవరికి పితృభూమియు పుణ్యభూమియు నగునో వారే హిందువులు. ఈ జాతికి మూలస్తంభము వారే. ఇందలి రెండవ విశేషణమే కీడు. మక్కాను గాని యెరూషలేమును గాని పుణ్యస్థలముగా నెంచువాడు తాతముత్తాతల నాటినుండి గోదావరి నీరే త్రాగినను ఈ లెక్కకు రాడు. పన్ను గట్టుట చాలదు, సరిహద్దున ప్రాణము విడుచుట చాలదు, ప్రార్థన యే దిక్కునకు తిరిగి చేయుచున్నాడో చూడవలెనట! పౌరసత్వపు చట్టమున మతముల పేర్లు 2019 సవరణతో చేరినవి. మూడు పొరుగు రాజ్యములనుండి వచ్చిన శరణార్థులలో ఆఱు మతములవారిని పేర్కొని ముస్లిములను విడిచిరి. పుణ్యభూమి లెక్క అచ్చముగా నిది కాకపోయినను, మతమును బట్టి మనుష్యుని తూచుట యిచ్చటను గలదు. న్యాయముగా నొకమాట చెప్పవలయును. సావర్కరు కులాచారములను సమర్థించినవాడు కాడు. రత్నగిరిలో సహపంక్తి భోజనములను ప్రోత్సహించెను. ఎల్ల కులములవారికి ప్రవేశము గల పతితపావన మందిరము 1931 లో నచ్చట వెలసెను. ఆయన పేరు నేడు జపించువారిలో నెందఱు ఆ మందిరమును తలచుకొనుచున్నారో వారినే యడుగవలెను.

1940 మార్చిలో లాహోరు ముస్లింలీగు సభలో జిన్నా చేసిన వాదము దీనికి అద్దములోని నీడ వంటిది. హిందువులును ముస్లిములును వేఱు వేఱు జాతులని ఆయన పక్షము. మతమే జాతిని నిలుపజాలినచో, 1947 లో నేర్పడిన పాకిస్తాను 1971 లో చీలనేల? తూర్పు బెంగాలు యువకులు 1952 లోనే తమ భాష కొఱకు ప్రాణములిచ్చిరి. పోనిండు, మతమునకు బదులు భాషను పెట్టుద మందుమా? తెలుగువారిలో నధికభాగము 1956 లో నొక రాష్ట్రముగా గూడి 2014 లో రెండైనది. ఆ తగవులోని న్యాయాన్యాయములు ఇచ్చట మాకు పనిలేదు.

మూడవ పక్షము మాకు ప్రియమైనది. కావుననే దానిని మఱింత గట్టిగా పరీక్షింపవలసియున్నది. నెహ్రూ అహమ్మదునగరు కోటలో ఖైదీగా నుండి వ్రాసి 1946 లో ప్రకటించిన గ్రంథమున భారతదేశమును వ్రాతమీద వ్రాత వ్రాసిన ప్రాచీనపత్రముతో పోల్చెను. క్రొత్తవ్రాత యేదియు పాతదానిని పూర్తిగా చెఱపలేదనెను. ఉదారమైన భావము. కాని ఆ పత్రముపై వ్రాయుటకు మాలవాడకును మాదిగవాడకును కలము దొరకినదా? భిన్నత్వమున నేకత్వమను మాట చెవికింపుగానే యున్నది. ఊరిబావి యొకటి, వాడబావి యొకటిగా నుండుటయు ఆ భిన్నత్వములో చేరినదేనా? వేషభాషల వైవిధ్యమును మెచ్చుకొని, వేఱుగా కూర్చుండబెట్టుటను గూర్చి మాటాడని జాతీయత ప్రదర్శనశాలకు తగును గాని కాపురమునకు తగదు.

ఈ సంగతిని ముసుగులేక చెప్పినవాడు అంబేద్కరు. 1949 నవంబరు 25 న రాజ్యాంగసభలో ఆయన, మనమిప్పటికే జాతినైతిమనుకొనుట భ్రమ యనియు, వేలకొలది కులములుగా చీలిన ప్రజ జాతి యెట్లగుననియు, కులములు జాతీయతకు శత్రువులనియు చెప్పెను. అంతకు ముందు 1936 లో లాహోరు జాత్-పాత్-తోడక్ మండలివారు ఆయనను అధ్యక్షత వహింప పిలిచి, ఉపన్యాసపు ప్రతిని జూచి వెనుదీసిరి. ఆయన దానిని తానే అచ్చువేయించెను. సహభోజనమువలన కులము చావదు, వర్ణాంతర వివాహమే నిజమైన మందని అందలి సారాంశము. కులములను త్రుంచెదమని పేరు పెట్టుకొనిన సంఘమునకే ఆ మాట మింగుడుపడలేదు!

"పెండ్లి యింటివిషయము, దేశమునకు దానితో నేమి పని?" యని కొందఱందురు. 1881 డిసెంబరు 11 న రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతువివాహము చేయించినప్పుడు ఊరంతయు కదలినది; ఇంటివిషయమే యైనచో నంత కలత యేల? ప్రభుత్వములును దానిని ఇంటివిషయముగా నెన్నడు నెంచలేదు. 1872 నాటి చట్టము క్రింద వివాహమాడు వధూవరులు తాము హిందూ ముస్లిం క్రైస్తవాది మతములలో దేనికిని చెందమని చెప్పవలసివచ్చెడిది. అనగా, కులము దాటుటకు మతమును వదలుకొనవలెను. 1923 సవరణ ఆ నిర్బంధమును హిందూ, బౌద్ధ, సిక్కు, జైనులకు మాత్రము తొలగించెను. 1954 నాటి ప్రత్యేక వివాహచట్టము మతము విడువనక్కఱలేకయే ఎవరైనను ఎవరినైనను పెండ్లాడవచ్చుననెను. కాని 30 దినముల ముందు నోటీసు నిచ్చి, దానిని రిజిస్ట్రారు కార్యాలయమున నెల్లరకు గనబడునట్లు అంటింపవలెనని నియమము పెట్టెను. పిల్ల తండ్రియు, మేనమామయు, కులపెద్దలును రావలసిన మార్గమును ఆ కాగితము చూపుచున్నది. ఆ నోటీసు ప్రకటన వధూవరుల యిష్టమునకే వదలవలెనని అలహాబాదు హైకోర్టు 2021 జనవరిలో తీర్పు చెప్పినది. పార్లమెంటు మాత్రము నియమమును తీసివేయలేదు. పైగా 2020 నవంబరులో ఉత్తరప్రదేశము తెచ్చిన ఆర్డినెన్సు, మతము మారదలచినవారు 60 దినముల ముందు జిల్లా మేజిస్ట్రేటునకు తెలుపవలెననినది.

2011-12 నాటి భారత మానవాభివృద్ధి సర్వేలో వేఱుకులమున పెండ్లియాడితిమన్నవారు నూటికి సుమారు అయిదుగురే. తక్కిన తొంబదియైదుగురిలో పితృభూమివారును గలరు, భిన్నత్వమున నేకత్వమువారును గలరు. సిద్ధాంతమున కత్తులు దూసికొనువారు పెండ్లిచూపులకు వచ్చునప్పటికి మాత్రము ఒకే పక్షమగుచున్నారు.

నోటీసు తీసివేసినచో బాలికలు మోసపోవుదురని కడపటి యాక్షేపణ. మోసమునకును బలవంతమునకును శిక్షలు వేఱుగా నున్నవి. ఇంట కుదిర్చిన పెండ్లిలో మోసపోయిన బాలికల కొఱకు ఏ కార్యాలయపు గోడకును 30 దినములు కాగిత మంటించుట మేమెఱుగము.