‘ఫరవాలేదు’ అనబోయి ‘ఐ డోంట్ కేర్’ అంటే?

నిఘంటువులో ఒకే అర్థం చెప్పుకొనే రెండు మాటలు నోటిలోకి వచ్చేసరికి బద్ధవిరోధులు కావచ్చును. తెలుగు ‘ఫరవాలేదు’, ఇంగ్లీషు ‘ఐ డోంట్ కేర్’ అటువంటి జంట.

ఫార్సీలో ‘పర్వా’ అనగా చింత, లక్ష్యం. దానికి మన ‘లేదు’ చేరి ‘ఫరవాలేదు’ అయినది. ఇంగ్లీషు ‘కేర్’ అన్నది కూడా ప్రాచీన కాలంలో దుఃఖాన్ని, ఆందోళనను తెలిపిన మాటే. కాబట్టి రెండింటికీ అక్షరార్థం ‘చింత లేదు’ అనే చెప్పుకోవాలి. అయినా, పొరపాటున మన కాలు తొక్కినవారు క్షమాపణ కోరినప్పుడు ‘ఫరవాలేదండీ’ అంటే వారి మనసు తేలికపడుతుంది. ‘ఐ డోంట్ కేర్’ అంటే ముఖం చిన్నబోతుంది. చింత లేదన్న మాటను తెలుగువారు ఎదుటివారికి ఊరటగా అందించారు. ఇంగ్లీషువారు అదే మాటతో ఎదుటివారి ముఖాన తలుపు వేశారు.

ఈ భేదం తెలియకపోతే నష్టం చిన్నది కాదు. ఉద్యోగపు ఇంటర్వ్యూలో ‘మిమ్మల్ని దూర ప్రాంతానికి పంపితే వెళ్ళగలరా?’ అని అడిగారనుకోండి. అభ్యర్థి ఎంతో వినయంగా ‘ఐ డోంట్ కేర్, సర్’ అన్నాడనుకోండి. అతని మనసులో ఉన్నది ‘ఎక్కడికైనా సంతోషంగా వెళ్తాను’ అని. అధికారుల చెవిని పడినది ‘మీరెక్కడికి పంపితే నాకేం?’ అని. అక్కడ అనవలసినది ‘ఐ డోంట్ మైండ్’. ‘నాకు అభ్యంతరం లేదు’ అని దాని భావం. అతిథిగా వెళ్ళినచోట ‘కాఫీయా, టీయా?’ అని అడిగితే ‘ఐదర్ విల్ డూ’ అనడం మర్యాద. ఏదైనా సరేనని అర్థం. క్షమాపణకు బదులుగా ‘ఇట్ డజన్ట్ మ్యాటర్’ అంటే మన ‘ఫరవాలేదు’కు దగ్గరగా ఉంటుంది.

మరి ‘ఐ డోంట్ కేర్’ ఎప్పుడూ మొరటు మాటేనా? కాదు. దేనిని లక్ష్యపెట్టడం లేదన్న దానిపై దాని గౌరవం ఆధారపడి ఉన్నది. ‘ఐ డోంట్ కేర్ వాట్ ఇట్ కాస్ట్స్’ అని రోగి తండ్రి వైద్యునితో అంటే, ‘ఎంత ఖర్చయినా సరే’ అన్న ప్రేమ అందులో ఉన్నది. ‘షీ డిడ్‌న్ట్ కేర్ అబౌట్ ద రెయిన్’ అంటే వానను లెక్కచేయక నడిచిపోయినదన్న మెప్పు. కష్టాన్ని లక్ష్యపెట్టకపోవడం ధైర్యం. మనిషిని లక్ష్యపెట్టకపోవడం తిరస్కారం. వాక్యంలో కర్మస్థానంలో కష్టం ఉన్నదా, మనిషి ఉన్నాడా అని చూసుకుంటే చాలు.

ఇక్కడే మరొక చిక్కు. ‘అబౌట్’ స్థానంలో ‘ఫర్’ వస్తే అర్థం మారిపోతుంది. ‘ఐ డోంట్ కేర్ ఫర్ కాఫీ’ అంటే కాఫీ దొరికినా దొరకకపోయినా ఒకటేనని కాదు, నాకది రుచించదని. ఉదాసీనత కాస్తా అయిష్టమయింది.

ఉదాసీనతకు పరాకాష్ఠ ‘ఐ కుడ్‌న్ట్ కేర్ లెస్’. 1940ల బ్రిటన్‌లో ఇది బాగా వ్యాపించింది. నా పట్టింపు ఇప్పటికే సున్న వద్ద ఉన్నది, అంతకంటె తగ్గించడం నా తరం కాదని దీని లెక్క. తరువాతి దశాబ్దాలలో అమెరికావారు ఇందులోని నిషేధార్థకాన్ని జారవిడిచి ‘ఐ కుడ్ కేర్ లెస్’ అనసాగారు. తర్కం తలక్రిందులయినా భావం మారలేదు. మనం వ్రాసేటప్పుడు మొదటి రూపమే క్షేమం.

‘ఐ డోంట్ గివ్ ఎ డ్యామ్’ అన్న మాట ఇంకా కటువైనది. 1939 నాటి ‘గాన్ విత్ ద విండ్’ చిత్రం చివర ఈ ‘డ్యామ్’ను నిలబెట్టుకోవడానికి నిర్మాత సెల్జ్‌నిక్ సెన్సారు పెద్దలతో వాదించవలసి వచ్చింది. మన దేశానికి సంబంధించిన ఒక ముచ్చట కూడా దీని వెనుక ఉన్నది. అక్బరు కాలంలో ‘దామ్’ అనే రాగి నాణెం ఉండేది. నలభై దాములు ఒక రూపాయి. ఆ దామే ఈ ‘డ్యామ్’ అని కొందరు ఊహించారు. 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు ఈ ఊహను ప్రస్తావించింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు మాత్రం దీనికి ఆధారం లేదని త్రోసిపుచ్చింది. ‘డ్యామ్’ శాపవాచకమే.

అయితే దాము మనలను విడిచిపోలేదు. దాములో ఎనిమిదవ వంతు ‘దమ్‌డీ’; అదే మన ‘దమ్మిడీ’. 1957లో దశాంశ నాణేలు వచ్చి పాత చిల్లర క్రమంగా కనుమరుగైనా, ‘దమ్మిడీకి కొరగాడు’ అన్న మాట చెల్లుబాటవుతూనే ఉన్నది. ఇంగ్లీషువారు తమ ఫార్దింగును 1960తో రద్దు చేసుకొని, మాటలో మాత్రం దాచుకున్నారు. గడ్డిపోచ, చిల్లిగవ్వ, దమ్మిడీ, ఫార్దింగు – ఏ జాతి అయినా ఉదాసీనతను తన చేతిలోని అతి స్వల్ప వస్తువుతోనే తూచింది. మన ‘లెక్కచేయను’ అన్న మాటలోనూ ఉన్నది లెక్కే కదా!

ఇక అనువాదకుని కష్టం. నవలలో కొడుకు తండ్రితో ‘ఐ కుడ్‌న్ట్ కేర్ లెస్’ అంటాడు. ‘నాకు లెక్కలేదు’ అని వ్రాస్తే వ్యాకరణం సరిపోతుంది గాని, ఆ తెలుగు ఇంటిలో అది వినపడదు. మన కొడుకు తల వంచుకొని, ముక్తసరిగా ‘మీ ఇష్టం’ అంటాడు. బహువచన గౌరవం చెక్కుచెదరదు, తండ్రికి మాత్రం గుండెలో ముల్లు దిగుతుంది. ఇవే రెండు మాటలు పెండ్లిచూపుల నాడు చిరునవ్వుతో అంటే పూర్తి అంగీకారం.

అందువలన ఇంగ్లీషు నేర్చుకొనేవారు ఉదాసీనతను తెలిపే మాట ఎదురైనప్పుడు, దాని అర్థంతోపాటు ఎవరు ఎవరితో అన్నారో కూడా వ్రాసిపెట్టుకోవాలి. అర్థం నిఘంటువు చెబుతుంది. ఆ మాట ఎవరిని నొప్పిస్తుందో చెప్పదు.