లెక్కకందని పంకా రెక్కలు

జనవరి 14వ తేదీన సూరత్ నగరంలో మేడలే వీధులవుతాయి. ఉత్తరాయణ పర్వదినాన ఆబాలగోపాలమూ ఇంటి కప్పులెక్కి గాలిపటాలు ఎగురవేస్తారు. గాజుపొడి పూసిన మాంజా దారం ఆకాశమంతటా అల్లుకుంటుంది. ఆనాడు కెమెరా చేతబట్టి మేడమీద నిలిచినవానికి ఒక పాఠం అప్రయత్నంగా లభిస్తుంది. తెగిన గాలిపటం గాలివాటున పోతుండగా కెమెరాను కదల్చకుండా పట్టుకుంటే చిత్రంలో మిగిలేది ఒక రంగు మరక మాత్రమే. దానివెంటే కెమెరాను కూడ తిప్పుతూ, ఆ తిప్పడం ఆపకుండానే మీట నొక్కితే గాలిపటం స్ఫుటంగా నిలుస్తుంది. వెనుకనున్న మేడలు చారలై సాగిపోతాయి. ఎగిరే విమానాలను ఛాయాచిత్రాలు తీసే విద్యకు ఓనమాలు ఇవే.

అయితే ఓనమాలు దిద్దిన సూరత్ ఔత్సాహికునికి చదువుకొనే పుస్తకం మాత్రం ఊళ్ళో దొరకదు. మగ్దల్లా వద్దనున్నది పౌర విమానాశ్రయం. 2023 డిసెంబరులో అక్కడ కొత్త టెర్మినల్ ప్రారంభమైంది గాని, పాతకాలపు యుద్ధవిమానాలు కంటబడే చోటు కాదది. కంటబడినా కెమెరా ఎత్తడం అంత తేలిక కాదు. ప్రభుత్వ విమానాశ్రయాలలో అనుమతి లేనిదే ఛాయాచిత్రాలు తీయరాదని 1937 నాటి విమాన నియమావళిలోని 13వ నియమం శాసించింది. వాయుసేన స్థావరాలు 1923 నాటి అధికార రహస్యాల చట్టం ప్రకారం నిషిద్ధ స్థలాలు. సరిహద్దు రాష్ట్రమైన గుజరాత్‌లో ఈ జాగ్రత్త ఎందుకో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. 1965 యుద్ధంలో జామ్‌నగర్ వైమానిక స్థావరంపై బాంబులు పడ్డాయి. కనుక సామాన్యుడు తన కెమెరాతో యుద్ధవిమానాన్ని సమీపించగల సందర్భాలు బహిరంగ ప్రదర్శనల దినాలు మాత్రమే. 1996 నుండి రెండేళ్ళకొకసారి బెంగుళూరు సమీపాన యలహంకలో జరుగుతున్న ‘ఏరో ఇండియా’ అట్టిది. అక్టోబరు 8న వచ్చే వాయుసేన దినోత్సవం మరొకటి.

ఆ జామ్‌నగర్‌కే 2018 ఏప్రిల్ 25న ఒక విచిత్రమైన అతిథి వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధం నాటి డకోటా విమానమది. ఎనిమిది దినాల క్రితం ఇంగ్లండులోని కోవెంట్రీలో బయలుదేరి, ఐరోపా, అరబ్బు దేశాల మీదుగా మజిలీలు చేసుకుంటూ, సొంత రెక్కలమీదనే భారతదేశం చేరింది. ఒకప్పుడు డకోటాలు నడిపిన వాయుసేనాధికారి ఎం.కె. చంద్రశేఖర్ కుమారుడు రాజీవ్ చంద్రశేఖర్ దానిని కొని, బాగుచేయించి, వాయుసేనకు కానుకగా ఇచ్చారు. దానికి ‘పరశురామ’ అని పేరు పెట్టి, తోకమీద వి.పి. 905 అనే సంఖ్యను వ్రాశారు. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1947 అక్టోబరు 27న సిక్కు రెజిమెంటు సైనికులను శ్రీనగర్‌లో దింపిన డకోటా సంఖ్య అది. ఈ విమానం దాని పేరు ధరించిన వేరొక విమానం. ఛాయాచిత్రం కింద వివరణ వ్రాసేవారు తరచు ఈ రెండింటినీ ఒకటి చేస్తుంటారు.

ఇట్టి విమానాన్ని చిత్రించడంలో కొత్తవారు చేసే పొరపాటు ఒక్కటే, అది అందరూ చేసేదే. విమానం వేగంగా పోతున్నది గనుక కెమెరా కన్ను కూడ అతివేగంగా తెరచి మూయాలని అనుకుంటారు. సెకనులో వెయ్యవవంతు కాలానికి షట్టరును అమరుస్తారు. చిత్రం అద్దంలా వస్తుంది. బోల్టులు సైతం కనిపిస్తాయి. కాని పంకా ఆగిపోయి ఉంటుంది! ఆకాశంలో పంకా ఆగిన విమానమంటే పడిపోబోతున్న విమానమని అర్థం. లేదా దారం కట్టి వేలాడదీసిన ఆటబొమ్మ అని అర్థం.

చిన్న లెక్క వేసి చూడవచ్చు. డకోటా ఇంజనుకు అమర్చిన పంకాకు మూడు రెక్కలు. అది నిమిషానికి సుమారు 1,200 సార్లు తిరుగుతున్నదనుకుందాం. అనగా సెకనుకు 20 చుట్లు. వెయ్యవవంతు సెకనులో ఆ రెక్క కదిలేది ఏడు డిగ్రీలు మాత్రమే, అంటే కదలనట్లే లెక్క. 125వ వంతు సెకనుకు అమరిస్తే 58 డిగ్రీలు కదులుతుంది. రెక్కల చుట్టూ పొగమంచు వంటి ఛాయ ఏర్పడుతుంది. 60వ వంతుకు దించితే సరిగ్గా 120 డిగ్రీలు. అప్పుడు ఒక రెక్క రెండవ రెక్క ఉన్న చోటికి చేరుతుంది. పంకా నిండు చక్రంగా, పలుచని వెండి పళ్ళెంలా కనిపిస్తుంది. కంటికి కనిపించేదీ ఆ చక్రమే.

అయితే అరవయ్యవవంతు సెకను అంటే ఛాయాగ్రాహకునికి కత్తిమీద సాము. చేతిలో 300 మిల్లీమీటర్ల కటకం బరువు, ఊపిరి కదలిక, పక్కవాని మోచేయి, ఇవన్నీ చిత్రంలోకి వచ్చి చేరతాయి. తీసినవాటిలో ఎక్కువ భాగం మసకబారి చెత్తబుట్ట పాలవుతాయి. చుట్టకు 36 చిత్రాలు మాత్రమే వచ్చిన ఫిల్ము రోజుల్లో ఈ సాహసానికి మనసొప్పేది కాదు. పాత పత్రికల్లోని విమానాలకు పంకాలు ఆగిపోయి కనిపించడానికి అదీ ఒక కారణం కావచ్చు. నేటి డిజిటల్ కెమెరా ఆ పిసినారితనాన్ని వదిలించింది. చేయి మాత్రం సాధకునిదే. కనుకనే అనుభవజ్ఞులు ప్రదర్శనకు వారాల ముందునుండి వీధిలో స్కూటర్ల మీద, కప్పుమీది పావురాల మీద సాధన చేస్తారు. మరమగ్గాలు రాత్రింబవళ్ళు నడిచే సూరత్‌లో వేలాది తెలుగు నేతగాండ్రున్నారు. తిరిగే యంత్రాన్ని ఆపకుండా చూపుతో వెంటాడే విద్య వారికి కొత్తది కాదు.

జెట్ విమానాల సంగతి వేరు. పంకా చిక్కు లేదు గనుక వెయ్యవవంతు సెకనే మేలు. అక్కడ శత్రువు వెలుతురు. తెల్లని ఆకాశాన్ని చూసి కెమెరా మోసపోయి కాంతిని తగ్గిస్తుంది. విమానం బొగ్గుముక్క అవుతుంది. ఒక మెట్టు కాంతిని పెంచి తీయాలి. మధ్యాహ్నవేళ రన్‌వే మీద లేచే వేడి ఆవిరి దూరపు విమానాన్ని నీటిలోని నీడవలె వణికిస్తుంది. ఎంత ఖరీదైన కటకమూ దీనికి విరుగుడు కాదు. ఉదయపు ఎండ వీపున పడేలా నిలిచినవాడే తెలివైనవాడు. సముద్రతీరంలోనైతే తేమగాలి ఒక వరం. విమానం చటుక్కున మలుపు తిరిగినప్పుడు రెక్కలమీద తెల్లని మేఘం పుట్టి మాయమవుతుంది.

ఈ వేడుకల్లో ప్రాణాపాయమూ లేకపోలేదు. 2010 మార్చి 3న హైదరాబాదు బేగంపేటలో నౌకాదళపు ‘సాగర్ పవన్’ జట్టు విన్యాసాలు చేస్తుండగా ఒక కిరణ్ విమానం సమీపంలోని బోయినపల్లిలో ఇళ్ళమధ్య కూలి, అందులోని ఇద్దరు అధికారులూ మరణించారు. 2019 ఫిబ్రవరి 19న యలహంకలో ‘సూర్యకిరణ్’ జట్టు సాధన చేస్తుండగా రెండు హాక్ విమానాలు ఢీకొని ఒక వైమానికుడు అసువులు బాశాడు. 2024 అక్టోబరు 6న మద్రాసు మెరీనా తీరంలో విమానాలకు ఏ హానీ కలగలేదు. ఎండలో, జనసమ్మర్దంలో చిక్కి ప్రేక్షకులే ఐదుగురు చనిపోయారు. కెమెరా సంచీలో రెండవ కటకానికి బదులు మంచినీళ్ళ సీసా ఉండడం మేలు.

ఇంత ప్రయాస దేనికి? సూరత్‌కు ఆగ్నేయాన నాసిక్ సమీపంలో, ఓఝర్ వద్ద హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కర్మాగారంలో మిగ్-21 విమానాలు తయారయ్యేవి. 1963లో మన వాయుసేనలో ప్రవేశించిన ఆ విమానానికి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు పలికారు. అరవై రెండేళ్ళపాటు దాని చప్పుడు వింటూ పెరిగిన ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. కాని ఆ ఊళ్ళవారి ఇళ్ళలో దాని చిత్రాలు ఉండవు. నిషేధం వల్ల శత్రువు ఎంత నష్టపోయాడో చెప్పలేము. స్వజనులు మాత్రం కొంత నష్టపోయారు. సేవలో ఉన్న విమానం రహస్యమే, కాదనలేము. సేవనుండి తప్పించబోయే ముందైనా ఒక దినం తలుపులు తెరిచి, కెమెరాలను లోనికి రానిస్తే దేశానికి కలిగే ముప్పేమిటో ఊహకందదు.

విశాఖపట్నం వెళ్ళినవారికి ఈ మాటలోని బాధ తెలుస్తుంది. అక్కడి సముద్రతీరంలో టి.యు.-142 అనే మహాకాయ విమానం మ్యూజియంగా నిలిచి ఉన్నది. జలాంతర్గాములను వేటాడేందుకు నౌకాదళం 1988లో సోవియట్ యూనియన్ నుండి తెచ్చుకున్న ఎనిమిదింటిలో ఇది ఒకటి. 2017 మార్చి 29న అరక్కోణంలో వీటి సేవ ముగిసింది. ఏప్రిల్‌లో ఈ విమానం విశాఖకు చివరిసారిగా ఎగిరి వచ్చింది. ఆ డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియంను ప్రారంభించారు. నాలుగు ఇంజన్లు, ఒక్కొక్క ఇంజనుకు ఒకదానికొకటి ఎదురుగా తిరిగే రెండేసి పంకాలు, పంకాకు నాలుగు రెక్కలు. గాలిలో ఉన్నప్పుడు అవి ఎనిమిది వెండి చక్రాలు. ఆ చక్రాలను చిత్రించే అవకాశం దక్కినవారు బహు కొద్దిమంది.

ఇప్పుడు దానిని చిత్రించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. పిల్లలను ముక్కు కింద నిలబెట్టి, పెళ్ళివారు తోక ముందు వరుసకట్టి ఫోటోలు దిగుతారు. వెయ్యవవంతు సెకనుకు తీసినా, అరవయ్యవవంతుకు తీసినా ఒకటే. పంకా రెక్కలను తీరికగా లెక్కపెట్టుకోవచ్చు: ముప్పయి రెండు.