అంతరిక్షంల లైన్ కట్ అయితే దిక్కెవరు?

ఫోన్ల మాట్లాడుతుంటే రెండు సెకన్లు మాట ఆగితే చాలు, "హలో, వినపడుతుందా?" అని ఒర్రుతం. 2023 జూలై 21న నాసా వాళ్లు వాయేజర్-2కు ఒక తప్పు కమాండ్ పంపిన్రు. దాని ఆంటెన్నా భూమి దిక్కు నుంచి 2 డిగ్రీలు పక్కకు జరిగింది. గంతే, మాట బంద్. ఇక్కడ "హలో" అంటే అక్కడ చేరనీకి పద్దెనిమిదిన్నర గంటలు. జవాబు రానీకి మళ్ల గన్ని గంటలు. ఆస్ట్రేలియాల కాన్‌బెర్రా దగ్గరున్న పెద్ద డిష్ నుంచి గట్టిగ కేకేస్తే, ఆగస్టు 4న మళ్ల లైన్లకొచ్చింది.

గా కేక వినపడకపోయినా ఇంకో ఆశ ఉండె. ఏడాదికి కొన్నిసార్లు తనంతట తనే ఆంటెన్నాను భూమి దిక్కు సర్దుకునే ఏర్పాటు దాంట్ల ఉన్నది. ఆ ఏడు అక్టోబర్ 15న గది జరగాల్సి ఉండె. నా లెక్కల నమ్మకమైన నెట్‌వర్క్ అంటే గిదే. లైన్ ఎన్నడూ తెగదని గాదు, తెగినంక ఏం జెయ్యాల్నో ముందుగాలనే ఆలోచించి పెట్టుకునుడు.

మన ఇంటర్నెట్ గట్ల ఆలోచించది. ఒక ముక్క పంపుతది, "అందింది" అనే జవాబు కోసం చూస్తది, రాకుంటే మళ్ల పంపుతది. రెండు కొసలూ ఒక్కటే టైముల కలిసి ఉంటయని దాని నమ్మకం. అంగారకుని కాడ గది నడువది. ఒక దిక్కు పోనీకే సిగ్నల్‌కు 3 నుంచి 22 నిమిషాలు. పైంగ గ్రహం అడ్డమొస్తది, ఇక్కడ భూమి తిరిగి డిష్ పక్కకు పోతది.

నేను హైదరాబాదుల చదువుకునేటప్పుడు మా అమ్మ తొక్కు డబ్బా బస్సుల పంపేది. జనగామల బస్సు మారాలె. అక్కడ రెండో బస్సు దొరకకపోతే డబ్బా మళ్ల ఊరికి పోయేది గాదు, తెలిసినాయన దుకాణంల ఉండేది. తెల్లారి బస్సుకు ఎక్కిస్తుండె. 1998ల ఇంటర్నెట్ పితామహుల్లో ఒకరైన వింట్ సెర్ఫ్, నాసా జేపీఎల్ ఇంజినీర్లు మొదలుపెట్టిన ఆలోచన గూడ గిసొంటిదే. డేటాను మూట గట్టి పంపుతరు. ముందటి దారి బందైతే మధ్యల ఉన్న ఉపగ్రహం ఆ మూటను దాచిపెట్టుకుంటది, దారి తెరుచుకున్నంక పంపుతది. 2016 నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంల ఈ పద్ధతి వాడుతున్నరు. 2024 ఫిబ్రవరిల పోయిన నాసా పేస్ ఉపగ్రహం గూడ రోజువారీ పనిల దీన్నే వాడుతున్నది.

అయితే మూట పద్ధతి ఉన్నంత మాత్రాన అయిపోలేదు, నేల మీద డిష్ గూడ ఉండాలె గదా. వాయేజర్-2కు కమాండ్ పంపేది కాన్‌బెర్రాల ఉన్న 70 మీటర్ల డిష్ ఒక్కటే. 2020 మార్చిల దాన్ని రిపేర్‌కు ఆపితే, నెలల తరబడి ఆ నౌకకు కమాండ్ పంపుడే కాలేదు. ఒక్కటే తాళం చెవి ఉంటే గిట్లనే అయితది.

మన దగ్గర మంచి పాఠం ఉన్నది. చంద్రయాన్-3ల ప్రజ్ఞాన్ రోవర్ విక్రమ్‌తోని మాట్లాడితే, విక్రమ్ బెంగళూరు దగ్గరి బ్యాలాలులో ఉన్న డిష్‌తోని మాట్లాడింది. ఆపతికి అక్కరకొస్తదని చంద్రయాన్-2 ఆర్బిటర్‌ను గూడ లైన్ల పెట్టిన్రు. పాత బండిని పారెయ్యకుండ రెండో దారి చేసుకున్నరు.

ఇప్పుడు గగన్‌యాన్ వంతు. 400 కిలోమీటర్ల ఎత్తుల తిరిగే నౌక ఒక్క డిష్‌కు కనబడేది ఒక్కో తిరుగుడుకు కొన్ని నిమిషాలే. షాద్‌నగర్ల ఉపగ్రహ ఫొటోలు దించుకునేటోళ్లకు ఈ సంగతి రోజూ ఎరుకే. ఫొటో ఆలస్యమైతే తర్వాత దించుకోవచ్చు, మూట కట్టి దాచొచ్చు. కానీ లోపల మనిషి "గాలి తక్కువైతుంది" అంటే ఆ మాటను మూట కట్టి దాస్తమా? మీరే చెప్పున్రి. అందుకే ఎప్పుడూ మాట అందించే రిలే ఉపగ్రహాలు కావాలె, వేరే దేశాల నేలల మీద డిష్‌లు కావాలె.

నేను అడిగేది రెండే. రాకెట్ ఎగిరే రోజు టీవీల ముంగట చప్పట్లు కొడతం, మంచిదే. గదే శ్రద్ధ డిష్‌ల మీద, రిలేల మీద, అక్కడ రాత్రిపూట డ్యూటీ చేసేటోళ్ల మీద గూడ పెట్టాలె. రెండోది, అందరికీ తెరిచిన ప్రమాణాల మీదనే మన నెట్‌వర్క్ కట్టాలె. 2023 జూన్ల మనం సంతకం చేసిన ఆర్టెమిస్ ఒప్పందాలు గూడ ఒకరి వ్యవస్థ ఇంకొకరితోని కలవాలనే చెప్తయి. మన డిష్ మొరాయించిన రోజు పక్కోని డిష్ మన మూట మోయాలంటే, రెండిటి భాష ఒక్కటై ఉండాలె.

తొక్కు డబ్బా ఒక రోజు ఆలస్యమైతే పచ్చిపులుసుతోని తింటుంటి. పైకి పోయిన మనిషికి గా వెసులుబాటు ఉండది.