చిన్న తూటా... బోలెడంత నిదానం!

గోదావరి జిల్లాల్లో తీర్థం అంటే జీళ్లు, ఖర్జూరాలు, రంగులరాట్నం. వాటి పక్కనే బుడగలు కాల్చే దుకాణం కూడా కనిపిస్తుంటుంది. అట్టకు వరసగా కట్టిన బుడగలు, ఓ పాత ఎయిర్‌గన్‌, గుప్పెడు గుళ్లు. ‘టప్‌’మని ఒక్కటి పేలిందా... ఆ పిల్లాడి మొహం చూడాలి! చాలామందికి ఆ సరదా అక్కడితో సరి. కాలేజీలో ఎన్‌సీసీలో చేరినవాళ్లకు మాత్రం ఇంకో మెట్టు ఎక్కే అవకాశం ఉంది. అదే ‘పాయింట్‌ టూ టూ’ రైఫిల్‌.

పేరు చెబుతున్నట్టే దీని తూటా మందం అంగుళంలో 0.22 వంతు. అంటే దాదాపు 5.6 మిల్లీమీటర్లు. మామూలు తూటాలో సీసం బరువు రెండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ, అంతే! తూటా అడుగున చుట్టూ సన్నటి అంచు ఉంటుంది. నిప్పు పుట్టించే మందు ఆ అంచులోనే దాగి ఉంటుంది. ట్రిగ్గర్‌ నొక్కగానే లోపలి పిన్ను వచ్చి అంచును నలిపేస్తుంది. మందు అంటుకుని తూటా దూసుకుపోతుంది. అందుకే దీనికి రిమ్‌ఫైర్‌ అని పేరు. ఇప్పుడు ఎక్కువగా వాడే ‘లాంగ్‌ రైఫిల్‌’ రకం తూటా 1887లో అమెరికాలో పుట్టింది. ఆ తర్వాత ఎన్ని కొత్త తుపాకులొచ్చినా దీని గిరాకీ తగ్గలేదు.

ఎందుకంటారా? పెద్ద తుపాకీ పేలితే భుజం అదురుతుంది, చెవులు గింగురుమంటాయి. ఆ బెదురుతో మనిషి ముందే కళ్లు మూసేసుకుంటాడు. గురి కాస్తా తప్పుతుంది. చిన్న రైఫిల్‌తో ఆ బాధ లేదు. గుండు పక్కకు పోయిందంటే నెపం తుపాకీమీదకు నెట్టడం కష్టం. ఊపిరి కదిలిందో, వేలు తొందరపడిందో... అట్టమీద చిల్లు చెప్పేస్తుంది!

ఎన్‌సీసీ 1948లో మొదలైంది. కాకినాడలో దానికి గ్రూప్‌ కార్యాలయం ఉంది. క్యాంపులో ఫైరింగ్‌ రోజంటే క్యాడెట్లకు పండగే. బోర్లా పడుకోవాలి. తుపాకీ మడమ భుజానికి ఆనించాలి. చెంప కర్రకు తగలాలి. సగం ఊపిరి వదిలి, ఆపి, ట్రిగ్గర్‌ను మెల్లగా నొక్కాలి. అన్ని తూటాలూ ఒకేచోట తగిలితే దాన్ని ‘గ్రూపింగ్‌’ అంటారు. మధ్యలోనే తగలాలని లేదు. ఓ మూలకు పోయినా సరే, చిల్లులన్నీ దగ్గరగా ఉంటే మంచి గ్రూపింగే. సైటును తర్వాత సరిచేసుకోవచ్చు. చెయ్యి నిలకడ మాత్రం ఎవరికి వారు తెచ్చుకోవాల్సిందే. కాల్చడం అయ్యాక ఖాళీ తొడుగులు కూడా లెక్కపెట్టి అప్పజెప్పాలి.

ఈ బుల్లి తూటాయే ఒలింపిక్‌ పతకాలూ తెచ్చింది. 50 మీటర్ల రైఫిల్‌ పోటీలో పది పాయింట్ల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లే. 2024 పారిస్‌ ఒలింపిక్స్‌లో మహారాష్ట్ర కుర్రాడు స్వప్నిల్‌ కుసాలే ఆ పోటీలోనే కాంస్యం గెలిచాడు. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్‌ నారంగ్‌ 2010 ఢిల్లీ కామన్వెల్త్‌ క్రీడల్లో నాలుగు స్వర్ణాలు కొట్టాడు. అందులో 50 మీటర్ల రైఫిల్‌ స్వర్ణం కూడా ఉంది. హైదరాబాద్‌ అమ్మాయి ఈషా సింగ్‌ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌ పోటీలో రజతం అందుకుంది. ఆయుధం పొట్టిదే కానీ తూటా ఇదే!

మరి సొంతంగా కొనుక్కుంటే? 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండాలి, లైసెన్సు రావాలి, పోలీసు విచారణ జరగాలి. ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పగించమనీ అడగొచ్చు. ఉన్నవాళ్లకు కాల్చడం ఒక సరదా అయితే, తుడుచుకోవడం మరో సరదా. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇనుముకు తుప్పు ఇట్టే పడుతుంది మరి! గొట్టంలో గుడ్డ తిప్పి, పైన నూనె రాసి, బోల్టు తీసి, తూటాలు విడిగా తాళం వేసి పెట్టాలి. ఇంట్లో పిల్లలుంటే ఇందులో మినహాయింపుల్లేవు.

చిన్నదే కదా అని మాత్రం అనుకోవద్దు. ఈ తూటా కిలోమీటరున్నర దాటి కూడా పోగలదు. డెల్టా చూస్తే పళ్లెంలా చదును... అడ్డుకోవడానికి గుట్ట కూడా ఉండదు. పైగా వాలుగా నీళ్లమీద పడిన తూటా మునగకుండా, పిల్లలు విసిరిన పెంకులా ఎగిరి, ఎటు పోతుందో చెప్పలేం. కాలువ అవతల నాట్లు వేసేవాళ్లుంటారు, గేదెలుంటాయి. అందుకే వెనక ఎత్తయిన మట్టిగోడ ఉన్న రేంజిలోనే కాల్చాలి. చెరువుగట్టు మీద సరదా పడకూడదు. పిట్టల సంగతి చెప్పనే అక్కర్లేదు. 1972 వన్యప్రాణి చట్టం ఉంది. కొల్లేటికి వచ్చే పెలికాన్లను చూడ్డానికి బైనాక్యులర్‌ చాలు.

ఈ రైఫిల్‌ పట్టినవాడికి ఆయుధమంటే మోజు పెరుగుతుందని కొందరి భయం. సరైన చోట, సరైన గురువు దగ్గర పట్టుకుంటే ముందు అబ్బేది నిదానమే. మీ అబ్బాయో, అమ్మాయో ఎన్‌సీసీ దరఖాస్తు తెచ్చి సంతకం అడిగితే వెంటనే పెట్టేయండి. క్యాంపు నుంచి వచ్చాక ‘ఎన్ని కొట్టావ్‌?’ అని కాకుండా, ‘గ్రూపింగ్‌ ఎంత?’ అని అడగండి. మీకూ విషయం తెలుసని ఆశ్చర్యపోతారు!