ముందు ఏ వైపు చూడాలి?



మన పొన్నూరు, నిడుబ్రోలు చుట్టుపక్కల పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లు ఇప్పుడు ఎన్నో ఉన్నాయి. ఒకరి అబ్బాయి అమెరికాలో ఉంటే మరొకరి అమ్మాయి ఆస్ట్రేలియాలో ఉంటుంది. ఇంకొక ఇంటి యజమాని కువైట్‌లో పని చేసుకుంటూ ఉంటాడు. ప్రయాణం కుదిరిందంటే ఇల్లంతా హడావిడి. ఆవకాయ నూనె కారకుండా సీసాకు ఎన్ని కవర్లు చుట్టాలో చెప్పేవారున్నారు. విమానాశ్రయంలో ఏమడుగుతారో చెప్పేవారున్నారు. సంఘమంతా కలిసి ప్రార్థన చేసి పంపుతుంది. కాని అక్కడ రోడ్డు దాటేటప్పుడు ముందు ఏ వైపు చూడాలో ఎవరూ చెప్పరు. మాకూ ఎవరూ చెప్పలేదు.

న్యూజెర్సీలో ఉన్న అబ్బాయి దగ్గరకు మేము వెళ్లిన మూడవ రోజు అది. ఉదయం కాసేపు నడిచి వద్దామని మేమిద్దరం బయలుదేరాము. రోడ్డు దాటబోతూ అలవాటు ప్రకారం కుడివైపు చూశాము. ఏమీ రావడం లేదు. అడుగు ముందుకు వేశాము. ఎడమవైపు నుంచి వచ్చిన కారు కీచుమంటూ మాకు జానెడు దూరంలో ఆగింది. కారు నడుపుతున్న ఆమె ముఖం మా ముఖాలకంటే ఎక్కువగా పాలిపోయింది. ఇంటికి వచ్చాక చాలాసేపు మాకు నోట మాట రాలేదు. కోడలికి రెండు రోజుల తరువాతగాని చెప్పలేకపోయాము.

మేము చూడక కాదు, చూడవలసిన వైపు చూడక జరిగింది. మన దేశంలో బండ్లు రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తాయి. కనుక రోడ్డు అంచున నిలబడినవారి మీదికి మొదట వచ్చే బండి కుడివైపు నుంచి వస్తుంది. గుంటూరు–బాపట్ల రోడ్డును చిన్నతనం నుంచి దాటుతున్న మనకు తల దానంతట అదే కుడికి తిరుగుతుంది. అమెరికా, కెనడా, జర్మనీ, కువైట్, సౌదీ, ఖతర్, దుబాయిలలో బండ్లు కుడి పక్కన నడుస్తాయి. అక్కడ ముందు వచ్చే ప్రమాదం ఎడమ నుంచే. ఇంగ్లండు, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, సింగపూర్, మలేషియాలలో మాత్రం మన పద్ధతే.

ఇది పల్లెటూరివాళ్లకే వచ్చే పొరపాటని ఎవరూ అనుకోవద్దు. తరువాతి కాలంలో బ్రిటిషు ప్రధానమంత్రి అయిన చర్చిల్ 1931 డిసెంబరు 13న న్యూయార్కులోని ఫిఫ్త్ ఎవెన్యూ దాటుతూ తన దేశపు అలవాటుతో వేరే వైపు చూశాడు. కారు ఢీకొని ఆసుపత్రి పాలయ్యాడు. తప్పు తనదేనని తానే ఒప్పుకున్నాడు. లండన్‌లో చాలాచోట్ల రోడ్డు దాటే స్థలంలో ‘కుడివైపు చూడండి’ అని నేల మీదనే పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. పరాయి దేశస్థుల తల ఎటు తిరుగుతుందో వాళ్లకు తెలుసు.

అయితే మనం సరిగా దాటినంత మాత్రాన అంతా క్షేమమని చెప్పలేము. ఆదోనికి చెందిన కందుల జాహ్నవి సియాటిల్ నగరంలో నార్త్ ఈస్టర్న్ విశ్వవిద్యాలయపు విద్యార్థిని. వయసు 23 ఏళ్లు. 2023 జనవరి 23 రాత్రి పాదచారుల గీతల మీదనే రోడ్డు దాటుతుండగా పోలీసు కారు ఢీకొని చనిపోయింది. గంటకు 25 మైళ్లు మించకూడని ఆ రోడ్డు మీద, అత్యవసర పిలుపు మీద వెళుతున్న ఆ కారు 74 మైళ్ల వరకు వేగం అందుకుంది. అంటే దాదాపు 119 కిలోమీటర్లు. కారు నడిపిన అధికారిని 2025 జనవరిలో ఉద్యోగం నుంచి తొలగించారు. కాని ఆ తల్లికి బిడ్డ తిరిగి రాదు. ఆ అమ్మాయిని తప్పుపట్టడానికి ఈ సంగతి రాయడం లేదు. గీతలు గోడలు కావని మన పిల్లలు గుర్తుంచుకోవాలని రాస్తున్నాము. సైరన్ వినిపించినా, వెలిగి ఆరే దీపాలు కనిపించినా, ఆ బండి దాటిపోయేవరకు అంచు మీదనే ఆగాలి.

ప్రయాణమయ్యేవారు ఈ సంగతులు మనసులో ఉంచుకోండి.

1. బండ్లు కుడి పక్కన నడిచే దేశంలో ముందు ఎడమ, తరువాత కుడి, మళ్లీ ఎడమ చూడండి. విమానం దిగిన రోజే పిల్లలతో కలిసి నాలుగుసార్లు దాటి అలవాటు చేసుకోండి.

2. అమెరికాలో సిగ్నల్ స్తంభానికి మీట ఉంటే నొక్కి ఆగండి. నడిచే మనిషి బొమ్మ వెలిగితే బయలుదేరండి. చెయ్యి బొమ్మ వెలిగి ఆరుతుంటే కొత్తగా అడుగు వేయవద్దు. అప్పటికే మధ్యలో ఉంటే వెనుకకు తిరగక దాటేయండి.

3. అక్కడ చాలాచోట్ల ఎర్రదీపం ఉన్నా, ఆగి చూసుకుని కుడికి తిరగడానికి కార్లకు అనుమతి ఉంది. అలా తిరిగే డ్రైవరు చూపు ఎడమ నుంచి వచ్చే కార్ల మీదే ఉంటుంది. అతడు మిమ్మల్ని చూశాడని తెలిసేవరకు కారు ముందుకు వెళ్లవద్దు.

4. కాలిబాట లేనిచోట ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా నడవండి. అమెరికాలో అది రోడ్డుకు ఎడమ అంచు. చలికాలంలో త్వరగా చీకటి పడుతుంది. నల్లకోటు తొడుక్కున్న మనిషి డ్రైవరుకు కనబడడు. లేతరంగు బట్టలు, చేతిలో టార్చిలైటు ఉండాలి.

5. గల్ఫ్‌లో పెద్ద రోడ్ల మధ్య గట్టు దూకి దాటవద్దు. దూరమైనా వంతెన వరకు నడవండి. దుబాయి ఉన్న ఎమిరేట్స్ దేశంలో 2025 మార్చి నుంచి అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం వేగపు రోడ్లను ఇష్టం వచ్చినచోట దాటితే జైలుశిక్ష కూడా పడవచ్చు.

6. పిల్లల చిరునామా, ఫోను నంబరు రాసిన కాగితం జేబులో ఉంచుకోండి. ఆపదలో అమెరికాలో 911కు ఫోను చేయాలి. అక్కడ ఆసుపత్రి ఖర్చు మనం భరించగలిగేది కాదు, కనుక ఆరోగ్య బీమా లేకుండా బయలుదేరవద్దు.

ఆ సంఘటన తరువాత మేము అక్కడ ఉన్నన్నాళ్లూ రోడ్డు అంచుకు రాగానే మనవడు “తాతయ్యా, నాయనమ్మా, ముందు ఎడమ!” అని అరిచేవాడు. చిన్నవాడు చెప్పాడని మేము సిగ్గుపడలేదు.

మొన్న క్రిస్మసుకు వాడు పొన్నూరు వచ్చాడు. బస్టాండు ఎదుట ఎడమకు చూసి, ఏమీ లేదనుకుని రోడ్డు మీదికి దిగబోయాడు. కుడివైపు నుంచి లారీ వస్తోంది. చెయ్యి పట్టుకుని వెనుకకు లాగాము. “ఇక్కడ ముందు కుడి, నాన్నా” అని చెప్పడం ఈసారి మా వంతయింది. విదేశం వెళ్లేవారికే కాదు, సెలవులకు ఇంటికి వచ్చేవారికి కూడా ఈ ఒక్క మాట మరచిపోక చెప్పండి.